హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత జలాశయాల్లో పడవ విహారం, చేపల వేట: పూర్వాపరాలు, నిబంధనలు, జాగ్రత్తలు

హిందూపురం: సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వర్షపాతంతో దేశంలోని అత్యల్ప వర్షపాత ప్రాంతాలలో ఒకటిగా పేరొందిన ఉమ్మడి అనంతపురం జిల్లాలో పడవ విహారం అన్న మాట తొలుత వింతగా తోచవచ్చు. అయితే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పరిసరాలలో విజయనగర కాలం నాటి చెరువులు, ఆ తరువాత నిర్మించిన ఆనకట్టలు, హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకం క్రింద ఏర్పడిన జలాశయాలు గణనీయంగా ఉన్నాయి. ఈ నీటి వనరులపై పుట్టి నడిపి చేపలు పట్టి జీవించే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పాటైన అనంతరం ఈ ప్రాంత పర్యాటకంపై ఆసక్తి పెరిగిన నేపథ్యంలో, అనుభవజ్ఞుడైన పడవవాని తోడుతో సాగే జల విహారం, గాలంతో చేపల వేట అనే అంశాలపై పాత్రికేయులకు, అధికారులకు ఉపకరించే సమాచారాన్ని ఈ వ్యాసంలో క్రోడీకరించడం జరిగింది.

నదులు, చెరువులు

ఈ ప్రాంతానికి జీవనాడులు మూడు నదులు. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టే పెన్నా నది, ఉత్తర పినాకిని అని కూడా పిలువబడుతూ, హిందూపురం ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశిస్తుంది. అటుపై పావగడ తాలూకా మీదుగా మరల కర్ణాటకను స్పృశించి, రామగిరి మండలంలోని పేరూరు వద్ద తిరిగి రాష్ట్రంలోకి వస్తుంది. తుమకూరు జిల్లా దేవరాయనదుర్గ కొండల్లో పుట్టిన జయమంగళి నది పరిగి ప్రాంతంలో పెన్నలో కలుస్తుంది. చిక్కబళ్లాపురం ప్రాంతం నుండి వచ్చే చిత్రావతి నది బాగేపల్లి మీదుగా ప్రవహించి, పుట్టపర్తి చెంతగా సాగి, బుక్కపట్నం, ధర్మవరం చెరువులకు నీరందించి, తుదకు కడప జిల్లాలో పెన్నలో సంగమిస్తుంది.

ఈ నదులలో ఏదియూ ఏడాది పొడవునా పారునది కాదు. సెప్టెంబరు, అక్టోబరు మాసాల వానలకు పొంగి, మాఘం దాటేసరికి ఇసుక తిన్నెలుగా మిగిలిపోతాయి. కావుననే పూర్వులు ప్రవాహాన్ని నమ్ముకొనక నిలువ నీటిని నమ్ముకున్నారు. ఒక చెరువు నిండి మరవ పారితే ఆ నీరు దిగువ చెరువుకు, అది నిండితే ఆ దిగువ చెరువుకు చేరే గొలుసుకట్టు విధానం ఇక్కడి వ్యవసాయానికి పునాది. కట్ట, తూము, మరవ, వాటిని కనిపెట్టుకొని ఉండే నీరుగంటి అనే నాలుగు మాటలు తెలియకుండా ఈ సీమలోని చెరువును అర్థం చేసుకొనడం సాధ్యపడదు. చెరువు నిండి మరవ పారిన నాడు గ్రామస్థులు గంగపూజ చేసే ఆచారం నేటికీ కొనసాగుతున్నది.

శాసనాలు చెప్పే చరిత్ర

బుక్కపట్నం చెరువు విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల పేరుతో ముడివడి ఉన్నది. క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేరిట ధర్మవరాన్ని నెలకొల్పి చెరువును కట్టించినట్లు స్థానిక చరిత్ర చెబుతుంది. వీటన్నింటికంటే విశేషమైన ఆధారం 1388 నాటి శాసనం. హరిహరరాయల కుమారుడైన బుక్కరాయలు పెనుకొండ నుండి పాలన సాగిస్తున్న కాలంలో, నీరు లేక నగర ప్రజలు పడుతున్న ఇక్కట్లను గుర్తించి, పెన్నా జలాలను పెనుకొండకు తీసుకొని రావలసినదిగా సింగాయభట్టు అనే జలసూత్ర నిపుణుని ఆదేశించినట్లు, ఆయన కాలువ త్రవ్వించి సిరువెర చెరువుకు నీటిని మళ్లించి దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని నామకరణం చేసినట్లు ఆ శాసనం వలన తెలియుచున్నది. దూరపు నది నీటిని పెనుకొండకు తీసుకొని రావలెనన్న ఆలోచనకు ఆరు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉన్నదని దీనివలన స్పష్టమగుచున్నది.

కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు వద్దనున్న 1369 నాటి శాసనం చెరువు నిర్మాణ శాస్త్రాన్నే వివరిస్తుంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, కలుగగూడని ఆరు దోషాలను అది పేర్కొన్నది. ప్రతిదినం వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లపాటు శ్రమించగా ఆ చెరువు పూర్తయినట్లు అందులో ఉన్నది. 1565లో తళ్లికోట యుద్ధానంతరం విజయనగర ప్రభువులు రాజధానిని పెనుకొండకు తరలించినపుడు, ఆ కొండ కోట క్రింద నిలిచిన జనాభాను పోషించినది ఈ చెరువుల వ్యవస్థయే.

ఆధునిక జలాశయాలు

స్వాతంత్ర్యానంతరం పేరూరు వద్ద పెన్నపై అప్పర్ పెన్నార్ ఆనకట్ట నిర్మితమైనది. ఎగువన వర్షాలు సమృద్ధిగా కురిసిన సంవత్సరాలలో తప్ప అది నిండుకుండలా కనిపించడం అరుదు. ధర్మవరానికి తూర్పున, తాడిమర్రి, లింగాల మండలాల సరిహద్దులో పార్నపల్లె వద్ద 10 టీఎంసీల సామర్థ్యంతో చిత్రావతి బ్యాలెన్సింగ్ జలాశయం ఉన్నది. 2020లో దీనిని పూర్తి స్థాయిలో నింపే క్రమంలో తాడిమర్రి మండలంలోని కొన్ని గ్రామాలు ముంపునకు గురై, అక్కడి కుటుంబాలు ఇళ్లూవాకిళ్లూ విడిచి తరలిపోవలసి వచ్చినది. నేడు విహార పడవలు తిరుగుటకు అనువుగా కనిపించే ఆ నీటి అడుగున నిన్నటి పొలాలు, చెట్లు, గోడలు ఉన్నవన్న విషయం భద్రత దృష్ట్యానే గాక మానవతా దృష్టితోను గుర్తుంచుకొనదగినది.

హంద్రీ-నీవా పథకం ఈ ప్రాంత ముఖచిత్రాన్ని మార్చినది. శ్రీశైలం జలాశయపు వెనుక జలాలను మాల్యాల వద్ద ఎత్తిపోసి, దశలవారీగా పంపులతో పైకి చేర్చి, కాలువల ద్వారా అనంతపురం జిల్లాకు తరలించే ఈ పథకంలో తొలి దశ నీరు 2012లో జీడిపల్లి జలాశయానికి చేరింది. రెండవ దశలో పెనుకొండ మండలంలోని గొల్లపల్లి వద్ద సుమారు 1.9 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించిన జలాశయానికి 2016 డిసెంబరులో కృష్ణా జలాలు అందాయి. 2019 డిసెంబరులో ప్రారంభమైన కియా మోటార్స్ కర్మాగారానికి, హిందూపురం పట్టణ దాహార్తిని తీర్చుటకు ఈ జలాశయమే ఆధారమైనది. అనగా గొల్లపల్లి వంటి జలాశయంలోని నీరు మొదట త్రాగునీరు. విహారస్థలం అన్నది ఆ తరువాతి మాట. విహార పడవలకు అనుమతి ఇచ్చే ప్రతి సందర్భంలోను ఈ ప్రాధాన్య క్రమం పాటించవలసి ఉంటుంది.

పుట్టి: ఈ సీమ పడవ

ఉత్తర అమెరికా ఆదివాసులు చెట్టు బెరడుతో చేసిన కెనూ ఏ విధంగా అక్కడి సరస్సులకు సరిపడినదో, ఆ విధంగా దక్కను పీఠభూమి నదులకు, చెరువులకు సరిపడిన పడవ పుట్టి. దీనినే హరిగోలు అని కూడా వ్యవహరిస్తారు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్రపై ఆనెగొంది వద్ద జనం బుట్టల వంటి గుండ్రని పడవలలో నదిని దాటుచున్నారని, వాటి లోపలి అల్లిక బెత్తంతోను పైపూత తోలుతోను ఉంటుందని, ఒక్కొక్కటి 15 నుండి 20 మందిని మోయగలదని వ్రాసి ఉంచాడు.

కాలక్రమంలో తోలు స్థానంలో తారు పూసిన గోనెపట్టా, ఆ పిమ్మట ప్లాస్టిక్ పట్టా, ఇటీవల ఫైబర్ వచ్చి చేరినవి. ఆకృతి మాత్రం మారలేదు. అడుగు చదునుగా ఉండుట వలన మోకాలి లోతు నీటిలో సైతం పుట్టి తేలుతుంది. పూడిక పేరుకొని అంచులు లోతు తగ్గిన చెరువులకు ఇంతకంటె అనువైన వాహనం లేదు. ఒక్క మనిషి తలపై మోసుకొని ఒక చెరువు నుండి మరొక చెరువుకు తీసుకొని పోగలడు. అయితే దీనికి ముందు వెనుకలు లేవు. తెడ్డును ముందువైపున నీటిలో వేసి తన వైపునకు లాగుకొనే నేర్పు లేనివాని చేతిలో పుట్టి ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. గాలి వీచినపుడు దానికి ఎదురొడ్డే బలం కూడా తక్కువ. కూర్చున్నవారిలో ఒకరు లేచి అంచుకు చేరితే చాలు, తలక్రిందులయ్యే ప్రమాదం ఉన్నది. నేర్పరియైన పడవవాడు ప్రయాణికులను ఎక్కించే ముందే ఎవరు ఎక్కడ కూర్చోవలెనో నిర్ణయించి, తీరం చేరేవరకు లేవరాదని చెప్పేది ఇందువల్లనే.

మత్స్యకారులు, వారి హక్కులు

చెరువులోని చేప ఎవరిది కాదని, గాలం వేసినవానిదేనని సందర్శకులు భావించడం పరిపాటి. వాస్తవం వేరు. రాష్ట్రంలో పెద్ద చెరువుల చేపల హక్కులు మత్స్యశాఖ ఆధ్వర్యంలోను, చిన్న చెరువుల హక్కులు గ్రామ పంచాయతీల ఆధ్వర్యంలోను ఉంటాయి. మత్స్యకారుల సహకార సంఘాలు నిర్ణీత రుసుము చెల్లించి ఈ చెరువులను లీజుకు తీసుకుంటాయి. జలాశయాలలో లైసెన్సు పొందిన మత్స్యకారులు వలలు వేసుకుంటారు. చెరువు నిండిన తరువాత బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, బంగారుతీగ చేప పిల్లలను వదిలి, అవి ఎదిగే వరకు కాపలా కాచి, శీతకాలం చివరి నుండి వేసవి వరకు పట్టుబడి చేస్తారు. కొరమీను, వాలుగ వంటివి సహజంగా పెరిగి మంచి ధర పలుకుతాయి.

కావున విహారానికి వచ్చి గాలం వేసేవాడు పట్టే ప్రతి బొచ్చె చేప వెనుక ఒక సంఘం పెట్టుబడి, ఒక కుటుంబం శ్రమ ఉన్నవి. లీజు కలిగిన సంఘం అనుమతి లేకుండ చేపలు పట్టడం తగదు. అదే సమయంలో ఈ హక్కులే మత్స్యకారులకు కొత్త ఆదాయ మార్గం కాగలవు. కిలోల లెక్కన వర్తకునికి అమ్ముకునే చేప, గాలంతో ఒక పూట గడపదలచిన అతిథికి రుసుముపై లభిస్తే సంఘానికి అదనపు రాబడి సమకూరుతుంది. పుట్టి నడుపుటకు, తావులు చూపుటకు, పట్టిన చేపను వండి పెట్టుటకు స్థానికులకే ఉపాధి దక్కుతుంది. విహార నిర్వహణ బయటి గుత్తేదారుల పాలై మత్స్యకారులు తమ నీటిపై తామే పరాయివారగు పరిస్థితి తలెత్తకుండ చూడవలసిన బాధ్యత సంబంధిత శాఖలపై ఉన్నది. లీజు ఒప్పందంలో విహార పడవల సంగతి ముందుగానే స్పష్టపరచుకున్నచోట వివాదాలకు తావుండదు.

చేపల వేట పద్ధతుల విషయంలో 1897 నాటి భారత మత్స్య చట్టం నేటికీ ప్రధానమైనది. పేలుడు పదార్థాలు ప్రయోగించి గాని, నీటిలో విషం కలిపి గాని చేపలు పట్టడాన్ని ఆ చట్టం శిక్షార్హమైన నేరంగా పరిగణించినది. తొలకరి వరదకు చేపలు ఎదురీది గ్రుడ్లు పెట్టే జూలై, ఆగస్టు మాసాలలో వేటకు విరామం ఇవ్వడం చేపల సంతతికి మేలు చేస్తుంది.

కావేరి అనుభవం

గాలంతో చేపల వేటను పర్యాటకంగా మలచిన అనుభవం పొరుగు రాష్ట్రానికి ఉన్నది. కర్ణాటకలో కావేరి ఒడ్డున భీమేశ్వరి వద్ద మహసీర్ చేపల కొరకు దేశవిదేశాల నుండి ఔత్సాహికులు వచ్చేవారు. పట్టిన చేపను తూచి, ఫొటో తీసి, తిరిగి నదిలో వదలడం అక్కడి నియమం. గతంలో దొంగచాటుగా వేటాడిన స్థానికులలో కొందరు ఈ శిబిరాలలో కాపలాదారులుగా, మార్గదర్శులుగా మారారు. అయితే ఆ ప్రాంతం వన్యప్రాణి అభయారణ్య పరిధిలోనిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో వేటకు తావు లేనందున 2010 దశకం ఆరంభంలో అక్కడ గాలపు వేట నిలిచిపోయినది. కావేరి మూపురపు మహసీర్‌కు 2018లో శాస్త్రవేత్తలు టోర్ రెమదేవి అన్న శాస్త్రీయ నామాన్ని నిర్ధారించారు. అదే సంవత్సరం అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దానిని తీవ్ర అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించినది.

ఈ ఉదంతం నుండి రెండు పాఠాలు గ్రహించవచ్చును. నీటి వనరు ఏ శాఖ పరిధిలో, ఏ చట్టం క్రింద ఉన్నదో నిర్ధారించుకొనకుండ విహారం ప్రారంభించరాదన్నది మొదటిది. స్థానికునికి జీవనోపాధి కల్పించినపుడు అతడే ఆ నీటికి మొదటి కాపలాదారు కాగలడన్నది రెండవది.

వేసవి విహారం: అక్కడ, ఇక్కడ

అరణ్య సరస్సులపై వేసవి పడవ యాత్ర అన్న భావన శీతల దేశాల నుండి వచ్చినది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఉత్తర సరిహద్దున సుమారు 11 లక్షల ఎకరాలలో, వేయికి పైగా సరస్సులతో విస్తరించిన బౌండరీ వాటర్స్ కెనూ ప్రాంతం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1978లో చేసిన ప్రత్యేక చట్టం ద్వారా అక్కడ మోటారు పడవల వాడకాన్ని అధిక భాగంలో నిరోధించారు. మే 1 నుండి సెప్టెంబరు 30 వరకు రాత్రి బసకు పరిమిత సంఖ్యలోనే అనుమతి పత్రాలు జారీ అవుతాయి. ఒక బృందంలో 9 మందికి, 4 పడవలకు మించి అనుమతించరు. గాజు సీసాలు, డబ్బాలలోని ఆహార పదార్థాలు తీసుకొని పోరాదు. అక్కడ మంచు కరిగి సరస్సులు తెరుచుకొనే కాలమే వేసవి గనుక విహార కాలం కూడా అదే.

మన ప్రాంతంలో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. మార్చి నుండి మే వరకు చెరువులు కుంచించుకుపోతాయి. ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరుతుంది. మిగిలిన కొద్దిపాటి నీరు పశువులకు, పక్షులకు, చేపల పట్టుబడికి అవసరం. పాఠశాలలకు సెలవులు వచ్చేది వేసవిలోనే కావడం వలన సందర్శకుల తాకిడి నీరు తక్కువగా ఉన్నపుడే అధికమగుట గమనార్హం. వేసవి సెలవులలో ఈతకు దిగి బాలురు ప్రాణాలు కోల్పోయే విషాద సంఘటనలు ఏటా వార్తలకు ఎక్కుతున్నవి. పూడిక తీతకై త్రవ్విన గుంతలు పైకి కనిపించకుండ లోతుగా ఉండడం ఇందుకు ఒక ప్రధాన కారణం.

ఈ ప్రాంతపు జల విహార పంచాంగాన్ని స్థూలంగా ఈ విధంగా పేర్కొనవచ్చును. జూన్ నుండి ఆగస్టు వరకు నైరుతి గాలులు బలంగా వీస్తాయి. ధర్మవరానికి సమీపాన రామగిరి కొండలపై గాలిమరలు నెలకొల్పినది ఈ గాలి బలాన్ని నమ్ముకొనియే. ఈ కాలం పుట్టి విహారానికి అనుకూలం కాదు. సెప్టెంబరు నుండి నవంబరు వరకు వరద కాలం. చెరువు మరవ పారుతున్నంత కాలం పడవ దించరాదు. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు నీరు నిండుగా, గాలి మందంగా ఉండే ఉత్తమ కాలం. మార్చి నుండి మే వరకు పెద్ద జలాశయాలలో మాత్రమే, ఉదయం పూట, ఎండ ముదరక ముందు ముగించుకొనునట్లు విహారం పెట్టుకొనుట క్షేమకరం.

వరద కాలపు ముప్పు ఎంతటిదో 2021 నవంబరు నాటి సంఘటన చాటుచున్నది. ఎండిన ఏరుగా కనిపించే చిత్రావతి ఒక్కసారిగా ఉప్పొంగగా, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద ప్రవాహం మధ్య జేసీబీ యంత్రంపై చిక్కుకున్న వారిని నవంబరు 19న భారత వాయుసేన హెలికాప్టర్ రక్షించవలసి వచ్చినది.

కొంగల గ్రామం

చిలమత్తూరు మండలంలోని వీరాపురం గ్రామం ఈ చర్చలో ప్రత్యేకంగా ప్రస్తావించదగినది. శీతకాలం చివర ఎర్రకాళ్ల కొంగలు ఇక్కడికి వచ్చి, ఇళ్ల నడుమ ఉన్న చింత చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, వానకాలం ఆరంభానికి తిరిగి వెళ్తాయి. ఇవి సైబీరియా నుండి వచ్చునవని ప్రచారంలో ఉన్నప్పటికీ, ఇవి దక్షిణ ఆసియాకే చెందిన కొంగలు. గ్రామస్థులు వీటిని ఆడపడుచులుగా భావించి, వేటగాళ్ల బారి నుండి కాపాడుచున్నారు. ఈ కొంగల ఆహారం పరిసర చెరువులలోని చిన్న చేపలే. చెరువులు ఎండిన సంవత్సరాలలో పిల్లలకు మేత చాలక నష్టం వాటిల్లుతుంది. గూళ్లు కట్టే కాలంలో ఈ గ్రామ సమీప చెరువులలో పడవలు త్రిప్పడం, వలలు వేయడం పరిమితం చేసుకొనుట ఆవశ్యకం. పక్షులను చూడవచ్చిన అతిథికి తీరం నుండి దూరదర్శినితో చూపడమే శ్రేయస్కరం.

భద్రత: గత ప్రమాదాలు నేర్పినవి

రాష్ట్రంలో జల విహార భద్రతా నియమాలు రెండు ఘోర దుర్ఘటనల నేపథ్యంలో పటిష్ఠమైనవి. 2017 నవంబరు 12న కృష్ణా జిల్లా ఇబ్రహీంపట్నం సమీపాన పవిత్ర సంగమం వద్ద పర్యాటక పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన రాయల్ వశిష్ట పడవ తూర్పు గోదావరి జిల్లా కచ్చులూరు వద్ద గోదావరి వరదలో మునిగిపోయినది. ఈ దుర్ఘటనలో 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడగా సుమారు 50 మంది కన్నుమూశారు. ప్రాణాలు దక్కినవారిని ఒడ్డుకు చేర్చినది నాటు పడవలతో పరుగున వచ్చిన స్థానిక గ్రామస్థులే. అనంతరం 2020 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రధాన విహార కేంద్రాల వద్ద 9 కంట్రోల్ రూములను ప్రారంభించినది. నదిలో ప్రవాహ స్థాయిని పరిశీలించి, ప్రయాణికుల సంఖ్యను సరిచూచి, ఆ పిమ్మటనే పడవ కదలుటకు అనుమతించడం వీటి ముఖ్యోద్దేశం.

1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం దేశమంతటా ఒకే విధమైన రిజిస్ట్రేషన్, తనిఖీ, బీమా నిబంధనలను తీసుకొని వచ్చినది. యంత్రం లేని పడవల కొరకు కూడా ఈ చట్టంలో ప్రత్యేక అధ్యాయం ఉండడం, వాటి నమోదు బాధ్యతను స్థానిక స్థాయికి అప్పగించే వెసులుబాటు కల్పించడం ఈ ప్రాంతపు పుట్టిలకు, కెనూలకు సంబంధించినంత వరకు కీలకమైన అంశం.

పార్నపల్లె వద్ద చిత్రావతి జలాశయంపై 2022 డిసెంబరులో పర్యాటక శాఖ బోటింగ్ జెట్టీ, లేక్ వ్యూ రెస్టారెంట్ ప్రారంభమైనవి. ఇటువంటి అధికారిక కేంద్రాల వద్ద పర్యవేక్షణ ఉంటుంది. అసలు ప్రమాదం పర్యవేక్షణ లేనిచోట, అనగా పల్లె చెరువులో సరదా కొరకు బ్రతిమాలి ఎక్కే పుట్టి వద్ద పొంచి ఉంటుంది. అట్టిచోట గుర్తుంచుకొనవలసిన ముఖ్యాంశాలు ఇవి:

ప్రతి ఒక్కరు లైఫ్ జాకెట్ ధరించి, పట్టీలు బిగించుకొనవలెను. ఈత వచ్చినవారికి మినహాయింపు లేదు. చీర, ధోవతి వంటి వస్త్రాలు నీటిలో కాళ్లకు చుట్టుకొనే ప్రమాదం ఉన్నందున మరింత జాగ్రత్త అవసరం.

తూము సమీపానికి పడవ పోరాదు. తూము తెరిచి ఉన్నపుడు పైకి ప్రశాంతంగా కనిపించే నీరు అడుగున బలంగా లాగుతూ ఉంటుంది. మరవ అంచు వద్ద కూడా ఇదే ప్రమాదం.

నీట మునిగిన కంప చెట్లు, పాత గోడలు, పరచిన వలలు ఎక్కడున్నవో తెలిసినవాడు స్థానిక మత్స్యకారుడే. అతని తోడు లేకుండ అద్దె పడవను సొంతంగా నడుపుట తగదు. వల చిక్కుకొని మునిగినవాని సంఘటనలో ఈత ఎంత వచ్చినా ప్రయోజనం ఉండదు.

మద్యం సేవించినవారిని పడవ ఎక్కించరాదు. సూర్యాస్తమయం తరువాత విహారం నిలిపివేయవలెను. పడవ సామర్థ్యాన్ని దానిపైననే పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంచవలెను. బయలుదేరిన వారి సంఖ్య, పేర్లు ఒడ్డున ఒకరి వద్ద నమోదై ఉండవలెను.

త్రాగునీటి జలాశయాలలో మోటారు పడవల కంటె తెడ్డు పడవలకే ప్రాధాన్యం ఇవ్వవలెను. నూనె, ఇంధనం నీటిలో కలియకుండుటయే గాక, శబ్దం లేనందున పక్షులకు, మత్స్యకారుల వలలకు కూడ ఇబ్బంది కలుగదు.

అవకాశాలు, బాధ్యతలు

బెంగళూరు మహానగరానికి, అంతర్జాతీయ విమానాశ్రయానికి కొద్ది గంటల ప్రయాణ దూరంలో, 44వ జాతీయ రహదారిపై ఈ ప్రాంతం నెలకొని ఉన్నది. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దక్కించుకున్న లేపాక్షి వీరభద్రాలయం, పెనుకొండ కోట, గగన్ మహల్, పుట్టపర్తి ప్రశాంతి నిలయం, ధర్మవరం పట్టు మగ్గాలు ఇప్పటికే సందర్శకులను ఆకర్షించుచున్నవి. వీరిలో అధికులు ఒక పూట చూచి తిరిగిపోయేవారే. శీతకాలపు ఉదయం ఒక చెరువుపై రెండు గంటల పుట్టి ప్రయాణం, ఒడ్డున రాగి సంగటి, చేపల పులుసుతో భోజనం అందుబాటులోకి వస్తే వారు మరొక రోజు ఇక్కడ గడిపే అవకాశం ఉన్నది. ఆ ఆదాయం మత్స్యకార సంఘానికి చేరినపుడు చెరువు నిండుగా ఉండవలెనన్న పట్టుదల ఆయకట్టు రైతుకు తోడు పుట్టి నడిపేవానికి కూడ కలుగుతుంది. కంప తొలగింపు, పూడికతీత, వాగుల ఆక్రమణల నివారణ వంటి పనులకు ఇదొక అదనపు బలం కాగలదు.

అయితే ఈ జలాలపై తొలి హక్కు త్రాగునీటిది, ఆ తరువాత సాగునీటిది, పిమ్మట చేపలపై ఆధారపడిన కుటుంబాలది. విహారం వీటన్నింటి తరువాతిది. జలవనరుల, మత్స్య, పర్యాటక, అటవీ, రెవెన్యూ, పోలీసు శాఖలు, గ్రామ పంచాయతీలు ఒకే చెరువుపై తమ తమ పరిధులను ముందుగా సమన్వయపరచుకొని, మత్స్యకారులను భాగస్వాములుగా చేర్చుకొని ముందుకు సాగవలసి ఉన్నది. ప్రమాదం జరిగిన పిమ్మట అనుమతి ఎవరు ఇచ్చారన్న విచారణ కంటె, పడవ ఒడ్డు విడువక ముందే ఆ ప్రశ్నకు సమాధానం నమోదై ఉండుట అన్ని విధాల శ్రేయోదాయకం. చెరువును కట్టించిన నాటివారు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను రాతిపై చెక్కించి భావి తరాలకు అందించారు. ఆ చెరువుపై పడవ దించే నేటి తరం కూడ తన నియమాలను అంతే స్పష్టంగా ఒడ్డున అందరికీ కనిపించునట్లు వ్రాసి ఉంచవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.